మెరుగు పెట్టకండి, టేకు ముట్టకండి: మడతచాకులకూ చెక్క తెడ్లకూ తలకిందుల సలహాలు

చంద్రపూర్, బల్లార్‌షా, రాజురా, ఘుగ్గుస్. మహారాష్ట్రలోని ఈ ఊళ్ళలో బొగ్గు గనులనూ కాగితం మిల్లునూ నమ్ముకొని తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ళు ఎన్నో. రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోదే. ఇలాంటి ఇళ్ళలో పెద్దవాళ్ళు పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున తుప్పు పట్టిన మడతచాకు ఒకటి బయటపడుతుంది. వంటింట్లోకి వెళ్తే నాన్‌స్టిక్ పెనం కోసం కొన్న చెక్క గరిటె అంచు పగిలి కనిపిస్తుంది. ఆ చాకును బాగుచేసుకుంటే ఆ గరిటెకు బదులు మంచి తెడ్డు చెక్కుకోవచ్చు. విడివిడిగా కనిపించే ఈ రెండు హాబీలూ నిజానికి ఒకటే.

ఎవరినైనా అడిగి చూడండి. చాకును సాన పట్టించి తళతళలాడించమంటారు. మంచి టేకు ముక్క కొనమంటారు. వేసవి సెలవుల్లో మొదలుపెట్టమంటారు. చివర్లో సాండ్ పేపరుతో రుద్ది వార్నిష్ కొట్టమంటారు. నేను చెప్పేవి వీటికి సరిగ్గా ఎదురు. వినగానే తప్పుడు సలహాల్లా తోస్తాయి. అయినా ప్రతి దానికీ ఉక్కులోనో, చెక్కలోనో, ఇక్కడి ఎండలోనో కారణం ఉంది. అన్నిటికీ మూలం ఒక్క సూత్రం: చాకు బాగుపడిందో లేదో పచ్చి కొమ్మ చెప్పాలి, తెడ్డు కుదిరిందో లేదో పొయ్యి మీది గిన్నె చెప్పాలి.

1. చాకును మెరిపించకండి

పాత చాకు అలుగు మీద రెండు రకాల మచ్చలుంటాయి. వేలితో రాస్తే పొడిలా రాలే ఎర్రటిది తుప్పు. అది ఉక్కును తింటూనే ఉంటుంది, కాబట్టి పోవాలి. రాలకుండా అంటిపెట్టుకున్న బూడిద రంగు, నలుపు రంగు పొర వేరు. ఏళ్ళ తరబడి ఉల్లిపాయలూ పండ్లూ కోసిన కార్బన్ ఉక్కు మీద అది దానంతట అదే ఏర్పడుతుంది, కొత్త తుప్పును కొంత ఆపుతుంది. ఆ పొరను ఉంచండి. దాన్ని గీకి మెరిపించారంటే లోపలి పచ్చి ఉక్కు బయటపడుతుంది, వచ్చే వానాకాలానికల్లా మళ్ళీ ఎర్రబడుతుంది.

ఎర్రటి తుప్పు మీద కుట్టుమిషను నూనె రాసి ఒక రోజు వదిలేయండి. తర్వాత ఇత్తడి రేకు అంచుతో గీకండి. ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది, అలుగు మీద గీత పడదు. మొండి మచ్చలకు సన్నటి స్టీల్ ఊల్ చాలు. వరి పండే మూల్, సిందేవాహి వైపు నుంచి ఊక బూడిద తెచ్చుకోగలిగితే, బెండు ముక్క మీద నూనె, ఆ బూడిద వేసి నెమ్మదిగా రుద్దినా పని జరుగుతుంది.

అలుగు మొదట్లో ఉండే ముద్ర దగ్గర చేయి ఆపండి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశానికి వచ్చిన చాకుల్లో షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీవి ఉన్నాయి. వాటి మీద నక్షత్రం గుర్తు, మాల్టా శిలువ గుర్తు పక్కపక్కన ఉంటాయి. చాకు ఎక్కడిదో చెప్పే ఆధారం ఆ ముద్రే. మెరుగు చక్రం కింద పెడితే అది క్షణాల్లో అరిగిపోతుంది, మళ్ళీ రాదు.

2. చింతపండులో నానబెట్టకండి

మన ఇళ్ళలో ఇత్తడి, రాగి సామాను తోమే అలవాటు కొద్దీ చాకునూ చింతపండు రసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా పడేస్తారు. పులుపు తుప్పునే కాదు, ఉక్కునూ తింటుంది. మడతచాకుకైతే మరో చేటు కూడా ఉంది. పులుపు కీలు లోపలికీ, స్ప్రింగు వెనక్కీ చేరుతుంది. ఎంత కడిగినా అక్కడ కొంత మిగిలిపోయి, కంటికి కనబడని చోట తుప్పు మొదలవుతుంది.

కీలుకు కిరోసిన్ చుక్కలు వేసి, చాకును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. నల్లటి మురికి బయటికి వస్తుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ వేయండి. శుభ్రమైన చుక్క వచ్చేదాకా ఇదే పని. చంద్రపూర్‌లో బొగ్గు ధూళి, థర్మల్ కేంద్రం బూడిద గాలిలోనే ఉంటాయి. ఆ బూడిద గరుకైనది, కీలులో చేరితే రివిట్‌ను అరగదీస్తుంది. అందుకని ఓపిక పట్టండి. చివర్లో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. వేరుశనగ, నువ్వుల నూనెలు వద్దు. అవి కొన్నాళ్ళకు బంకలా మారి కీలును బిగించేస్తాయి.

3. కరెంటు సానకు ఇవ్వకండి

చాకు ఉక్కును మొదట ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరుస్తారు. తర్వాత సుమారు 200 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తారు. చాకు ప్రాణమంతా ఈ రెండో వేడిలో ఉంది. తిరిగే పొడి చక్రానికి పల్చటి అంచు తగిలితే అక్కడి వేడి క్షణంలో ఈ హద్దు దాటుతుంది. అంచు మీద నీలి రంగు కనబడిందంటే 300 డిగ్రీల దాకా వెళ్ళిందని అర్థం. ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోయింది. నీళ్ళలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. సైకిలు మీద వచ్చే సానవాళ్ళ చక్రం కత్తిపీటకూ కొడవలికీ బాగానే పనికొస్తుంది. పల్చటి జేబు చాకుకు పనికిరాదు.

మీకు కావలసింది రెండు వైపులా వాడుకునే సానరాయి, కొన్ని నీళ్ళు, ఒక తోలు పటకా ముక్క. అలుగును రాయి మీద 20 డిగ్రీల వాలులో పట్టండి. కొలత తేలికే: అలుగు వెడల్పు 12 మిల్లీమీటర్లయితే దాని వీపు రాయికి 4 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ఒక వైపు నూరుతుంటే రెండో వైపు అంచుకు సన్నటి ఉక్కు పొర లేస్తుంది, వేలితో అడ్డంగా రాస్తే తెలుస్తుంది. అది మొన దాకా లేచాకే చాకును తిప్పండి. చివర్లో తోలు మీద వీపు ముందుగా లాగండి.

కాగితం కోసి సంబరపడకండి. పచ్చి జామ కొమ్మ మీద పెట్టి లాగండి. పొడవాటి పొర చుట్టలు తిరుగుతూ లేచి, కొమ్మ మీద నున్నటి తడి మెరుపు మిగిలితే నూరడం అయినట్టే.

4. మొన విరిగితే పదును వైపు ముట్టుకోకండి

విరిగిన మొనను చూస్తే ఎవరికైనా పదును అంచును పైకి అరగదీసి కొత్త మొన తేవాలనిపిస్తుంది. అలా చేస్తే మొన వీపు వైపు జరుగుతుంది. చాకు మడిచాక అది పిడిలో దాగదు, బయటికి పొడుచుకొని జేబును, వేలిని చీలుస్తుంది. ఆకురాయితో వీపు వైపునే కిందికి అరగదీయండి. అప్పుడు మొన పిడి లోపలే ఉంటుంది.

అలుగు మొదట్లో, పదును ముగిసే చోట ఒక చిన్న మొండి అంచు ఉంటుంది. చాకు మూసినప్పుడు స్ప్రింగు మీద ఆనేది అదే. అందం కోసం దాన్ని అరగదీస్తే మూసిన ప్రతిసారీ పదును స్ప్రింగుకు కొట్టుకుంటుంది. దాని జోలికి పోకండి. నాగపూర్ నారింజ తోటల వైపు దొరికే అంటుకట్టే చాకులకు ఇత్తడిదో ఎముకదో మొద్దు నాలుక ఒకటి ఉంటుంది. మొగ్గ అంటుకట్టేటప్పుడు బెరడు లేపడానికి పెట్టింది అది. పనికిరాని ముక్క అనుకొని కోసేయకండి.

పిడినీ పరీక్షించండి. బట్టతో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. దానికి మంట తగిలితే భగ్గుమంటుంది. పాతబడ్డాక దాని నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న చాకులకు తుప్పు పట్టిస్తుంది. విడిగా, గాలి తగిలే చోట ఉంచండి. జింక కొమ్ము పిడి అయితే దాన్ని అమ్మాలనీ మరొకటి కొనాలనీ చూడకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అలాంటి వ్యాపారాన్ని ఒప్పుకోదు.

5. పిల్లలకు మొద్దు చాకు ఇవ్వకండి

పిల్లలకు నేర్పేటప్పుడు భయంతో మొద్దు చాకు చేతికిస్తాం. చెక్క తెగక పిల్లవాడు బలం పెడతాడు. బలం పెట్టిన చాకు జారుతుంది, జారిన చాకు అదుపులో ఉండదు. పదునైన చాకు తక్కువ బలంతో, అనుకున్న చోటే తెగుతుంది. కాబట్టి బాగా నూరిన చాకే ఇవ్వండి, కానీ పక్కనే కూర్చోండి. చేయి చాచి గుండ్రంగా తిప్పితే ఎవరికీ తగలనంత చోటు ఉండాలి. కోత ఎప్పుడూ ఒంటి నుంచి బయటికే పోవాలి. చెక్కను తొడల మధ్య పెట్టి చెక్కనివ్వకండి, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. మడతచాకుకు తాళం లేకపోతే మొనతో పొడవడం, వీపు మీద నొక్కడం పనికిరావు. చాకు వేళ్ళ మీదికి మూసుకుంటుంది.

మన ప్రాంతానికి ఇది కొత్త మాట కాదు. చేతిపని ద్వారానే పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన మీద 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన సభ జరిగింది వార్ధాలోనే. ఆ చదువుకు ప్రణాళిక కోసం జాకిర్ హుస్సేన్ కమిటీ ఏర్పడింది అక్కడే. స్వీడన్ బడుల్లో స్లాయిడ్ పేరుతో పిల్లల చేతికి చాకు ఇచ్చి చెక్కపని నేర్పడం అంతకు ముందే మొదలైంది.

6. టేకు జోలికి వెళ్ళకండి

ఇది చంద్రపూర్‌లో ఉండి చెప్పవలసిన మాటేనా అంటారు. ఆలాపల్లి, బల్లార్‌షా టేకుకు దేశమంతటా పేరుంది. అయోధ్య రామాలయానికి 2023 మార్చిలో టేకు వెళ్ళింది ఇక్కడి నుంచే. తలుపులకూ దూలాలకూ దానికి సాటి లేదు. తెడ్డుకు మాత్రం, అందులోనూ మొదటి తెడ్డుకు, అది తగదు. టేకులో సిలికా ఉంటుంది, నూరిన పదునును త్వరగా తినేస్తుంది. దాని రంధ్రాలు పెద్దవి, పసుపూ కారమూ దిగబడతాయి. పొడి కొందరి చర్మానికి పడదు. పైగా దుంగ కదలాలంటే రవాణా పర్మిట్ ఉండాలి. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్క దొరికితే అట్లకాడ చేసుకోండి, అంతవరకు చాలు.

తెడ్డుకు జామ మంచిది. సన్నటి పోగు, బిగువైన చెక్క. గుమ్మడిటేకు, అంటే ఇక్కడివాళ్ళు శివణ్ అనే చెట్టు, తేలిగ్గా తెగుతుంది, ఆరినా పెద్దగా వంకర పోదు. మామిడి మెత్తన, పాలు ఒంటికి తగలకుండా చూసుకోవాలి. చింత మొండిది. మాంసం కొట్టే మొద్దుకు వాడేది అదే. చేయి తిరిగాక ప్రయత్నించండి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి బొమ్మకే, ఉడికే పప్పులో తిప్పడానికి చాలదు. వేప చేదు దిగుతుందని కొందరు వాడరు.

ముట్టుకోకూడనివి గన్నేరు, ముష్టి, నల్లజీడి. మొదటి రెండూ విషం. నల్లజీడిని ఇక్కడ బిబ్బా అంటారు, దాని రసం చర్మాన్ని కాలుస్తుంది. పేరు కచ్చితంగా తెలియని కొమ్మ గిన్నెలోకి వెళ్ళకూడదు.

7. ఎండిన చెక్క కొనకండి, అడవి నుంచి పుల్ల కూడా తేకండి

వడ్రంగికి ఎండిన చెక్క కావాలి, మీకు పచ్చిది కావాలి. పచ్చి చెక్కలో నీరుంటుంది కాబట్టి చాకు సులువుగా దిగుతుంది, చేయి నొప్పి పుట్టదు. అది ఊరికే దొరుకుతుంది కూడా. వానలకు ముందు కరెంటు సంస్థ మహావితరణ్ సిబ్బంది తీగల కింద కొమ్మలు కొడతారు, ఇరుగుపొరుగు పెరట్లో జామ చెట్టు కత్తిరిస్తారు. అడిగితే ఇస్తారు.

తడోబా చుట్టుపక్కల మాత్రం కింద పడిన కొమ్మనూ తీసుకోకండి. తడోబా 1955 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడి అటవీ ఉత్పత్తిని అనుమతి లేకుండా తీయడం నేరం. అడవి బయట పెరిగిన వెదురు సంగతి వేరు. 2017లో అటవీ చట్టాన్ని సవరించాక అది చెట్టు లెక్కలోకి రాదు. వెదురుతో చదునైన అట్లకాడ చక్కగా వస్తుంది. వానలు వెళ్ళాక నరికిన వెదురులో పిండి పదార్థం తక్కువ, పురుగూ తక్కువ.

8. వేసవి సెలవుల్లో మొదలుపెట్టకండి

తీరిక దొరికేది అప్పుడే, నిజమే. కానీ చంద్రపూర్‌లో మే నెల ఎండ 46, 47 డిగ్రీలకు చేరుతుంది. పచ్చి కొమ్మ చివరలు గంటల్లో ఆరిపోతాయి, నడిమి మాత్రం తడిగానే ఉంటుంది. ఆరిన భాగం కుంచించుకుపోతూ తడి భాగాన్ని లాగుతుంది, కొమ్మ పగులుతుంది. పంకా కింద పెట్టినా ఇంతే.

కొమ్మ వేసవిలో దొరికితే నీళ్ళ బకెట్‌లో ముంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తూ వానల దాకా దాచండి. చెక్కేముందు చేతి గొడ్డలితో నిలువునా చీల్చి, నడిమి మూలుగు భాగాన్ని పూర్తిగా తీసేయండి. పగులు మొదలయ్యేది అక్కడే. జులైలో చెక్కడం మొదలుపెట్టండి. మధ్యలో ఆపితే తడి గుడ్డలో చుట్టండి. చెక్కాక దాని పొట్టుతోనే కలిపి కాగితం సంచిలో పెట్టి, నెమ్మదిగా ఆరనివ్వండి. గాలి తేమగా ఉంటే బూజు వస్తుంది, రోజూ తీసి చూడండి. చివరి కోతలు చలికాలానికి ఉంచుకోండి.

9. మడతచాకుతో గుంట తొలవకండి

బాగుచేసిన చాకు మీద ప్రేమతో అన్ని పనులూ దానితోనే చేయాలనిపిస్తుంది. కాడ సన్నబరచడం, అంచులు దించడం, వెన్ను గుండ్రం చేయడం దాని పనులు. గుంట తొలవడానికి వంకర అలుగు కావాలి. దాన్ని విదేశాల నుంచి తెప్పించకండి. మన కమ్మరి దగ్గరికో, బండ్ల మీద ఊరూరా తిరిగే గాడీ లోహార్ల దగ్గరికో వెళ్ళండి. అరిగిన ఆకురాయి ఒకటి ఇచ్చి, గరిటె గుంట వంపు గీసి చూపించండి. ఆకురాయి గట్టి కార్బన్ ఉక్కు, పదును నిలుస్తుంది. గోదావరి దాటితే కోనసముద్రం అనే ఊరు ఉంది. మూసల్లో కరిగించి తీసిన అక్కడి ఉక్కు డమాస్కస్ కత్తులకు వెళ్ళేది. ఆ నేలకు ఇంత దగ్గరలో ఉంటూ కమ్మరికి పని ఇవ్వకపోవడం న్యాయం కాదు.

10. సాండ్ పేపరూ వార్నిషూ కొనకండి

సాండ్ పేపరు పోగులను చింపి పీచులా వదులుతుంది. నీళ్ళు తగిలితే ఆ పీచు లేచి తెడ్డు గరుకవుతుంది. పదునైన చాకు పోగును తెగ్గోస్తుంది, కోసిన తలం నీళ్ళలోనూ నున్నగానే ఉంటుంది. చాకు గుర్తులు సన్నటి పలకల్లా కనిపిస్తే కనిపించనివ్వండి. వార్నిష్ పొర వేడికి లేచి కూరలో కలుస్తుంది.

విదర్భలో జవస్ అనే అవిసె బాగా పండుతుంది. గానుగ అవిసె నూనె పల్చగా రాసి, అరగంటకు తుడిచి, కొన్ని రోజులు ఆరనివ్వండి. అది చెక్కలోనే గట్టిపడుతుంది. పెయింట్ షాపులో అమ్మే ఉడికించిన అవిసె నూనె వద్దు, అందులో లోహపు మందులు కలుపుతారు. ఒక హెచ్చరిక తప్పకుండా గుర్తుంచుకోండి. అవిసె నూనె అంటిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. ఇక్కడి ఎండలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్ళలో తడిపి, పరిచి ఆరేయండి.

11. చాకును జేబులో పెట్టుకు తిరగకండి, తెడ్డును దాచకండి

పేరుకు జేబు చాకే అయినా దాని చోటు ఇల్లే. ఇంటి పనికీ, వ్యవసాయానికీ కాకుండా 9 అంగుళాలు మించిన పొడవు, లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న అలుగులు ఆయుధ చట్టం నిబంధనల్లోకి వస్తాయి. మీ చాకు అంతకన్నా చిన్నదే. అయినా పండుగలప్పుడూ ఎన్నికలప్పుడూ మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షను కింద ఆయుధాలు వెంట ఉంచుకోవద్దని ఆదేశాలు వస్తుంటాయి. చైత్రంలో మహాకాళి జాతరకు వెళ్ళేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళండి.

తెడ్డుకు దీనికి ఎదురు నియమం. వంకరగా వచ్చిందని మొదటి తెడ్డును అటక ఎక్కిస్తారు. అదే రోజూ వాడవలసింది. కాడ పొట్టి అయితే పప్పు గిన్నె ఆవిరి చేతికి తగిలి చెబుతుంది. గుంట మరీ లోతైతే దాని గోడకు అంటిన అన్నం చెబుతుంది. అంచు మందమైతే అడుగు గీకలేదు. రెండో తెడ్డు కొలతలన్నీ మొదటి తెడ్డు వాడకంలోనే దొరుకుతాయి. ఇంట్లో వంట చేసేవాళ్ళు ఏమంటారో రాసుకోండి, ఈ విషయంలో వాళ్ళ మాటే చివరి మాట.

మీ ట్రంకుపెట్టెలో ఉన్న చాకును తుక్కువాడికి తూకానికి వేయకండి. ఈ వానాకాలంలో ఒక సానరాయి కొని, పక్కింటి జామ కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకొని మొదలుపెట్టండి. పూర్తయ్యాక చాకు నల్లగానే ఉండనివ్వండి, తెడ్డు మీద కోతల గుర్తులు ఉండనివ్వండి. రెండిటినీ రోజూ వాడండి.